అమ్మమ్మ విశ్వాసం, సర్కారు సర్టిఫికెట్టు

మన పత్రికల్లో అమ్మమ్మల గురించి చాలానే రాసుకున్నాం. మడి కట్టుకున్న అమ్మమ్మలు, కార్తీకమాసం చన్నీళ్ల స్నానాలతో వణికిన నాయనమ్మలు, చిన్నతనంలోనే విధవలై పుట్టింటి వంటగదిలో ముసలివాళ్లయిపోయిన మేనత్తలు... వాళ్ల భక్తి వెనక ఉన్న దుఃఖాన్ని చదవడం స్త్రీవాదం మనకు నేర్పింది. సొంతమంటూ ఏదీ లేని ఆడవాళ్లకు దేవుడి గది ఒక్కటే సొంతమయిందనీ, పితృస్వామ్యం వదిలేసిన ఆ కాస్త చోటులో వాళ్లు ఊపిరి పీల్చుకున్నారనీ విశ్లేషించుకున్నాం. ఆ విశ్లేషణ తప్పని నేననను. అయితే ఆ కొలబద్ద పట్టుకుని మా అమ్మమ్మ దగ్గరకు వెళ్తే అది చాలదు. మా అమ్మమ్మ మాదిగపల్లెలో పుట్టిన బాప్టిస్టు క్రైస్తవురాలు. దేవుడి గది మాట దేవుడెరుగు, అసలు గదులే లేని ఇల్లు ఆమెది.

ఆమెను తలచుకోబోతే నాకొక ప్రశ్న అడ్డం వస్తుంది. దాన్ని దాటుకుని ఆమె ప్రేమ గురించో, చేతివంట గురించో రాయడం నావల్ల కాదు. అబద్ధం ఆడకూడదని జీవితమంతా నమ్మిన మనిషి, తన దేవుడి విషయంలోనే అబద్ధం చెబితే తప్ప పిల్లలకు బతుకుతెరువు దొరకని పరిస్థితి వస్తే ఏం చెయ్యాలి? ఆమె చేసిన పనికి ఇవాళ మనం ఏ పేరు పెట్టాలి?

అమ్మమ్మకు రెండు పేర్లు. పుట్టినప్పుడు పెట్టినదొకటి, బాప్తిస్మంలో పెట్టుకున్నదొకటి. రెంటినీ ఇక్కడ రాయడం లేదు. ఆ పేర్ల మీద మా ఇంటి కాగితాలు ఇంకా నడుస్తున్నాయి. ప్రేమించిన మనిషిని తలచుకునే వ్యాసంలో ఆ మనిషి పేరు రాయలేకపోవడమేమిటని మీరనుకోవచ్చు. ఎందుకు రాయలేనో చెప్పడమే ఈ వ్యాసం.

*

ఒంగోలు వైపు వాళ్లకు ఈ చరిత్ర తెలిసిందే. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జువెట్ దంపతులు ఒంగోలు కొండ మీద ప్రార్థన చేశారు. దాన్ని ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. వాళ్లతోపాటు ఆ కొండెక్కినవాళ్లలో జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలున్నారన్న సంగతి మాత్రం పెద్దగా ఎవరూ చెప్పరు. 1866లో క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ల పైచిలుకు పనిని కాంట్రాక్టుకు తీసుకుని పల్లెల్లో జనానికి కూలి చూపించాడు. ఆ కరువు పని సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ నీళ్లలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అన్నం కోసం మతం మారారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు.

అమ్మమ్మ నాయనమ్మ ఆ నీళ్లలో మునిగినవాళ్లలో ఒకతె అని మా ఇంట్లో చెప్పుకుంటారు. అన్నం కోసం మారారన్న మాట నేను కాలేజీలో విని, ఒకసారి అమ్మమ్మ ముందు పెట్టాను. ఆమెకు కోపం రాలేదు. "అన్నం కోసమేనంటే ఏమే? అన్నం సంగతి పట్టనోడు దేవుడెట్టయితాడు?" అంది. మతాంతరీకరణ మీద నేను తర్వాత చదివిన పుస్తకాల్లో ఈ మాటకు సమాధానం దొరకలేదు.

ఆమె చదువు పల్లెలోని చర్చి బడిలో మొదలై అక్కడే ఆగిపోయింది. అక్షరం కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివేది. ఆమె చదివిన పుస్తకం ఒక్కటే. ఆ ఒక్కదాన్నీ మొదటి నుంచి చివరిదాకా ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. పగలంతా మిరపకోతలు, కలుపుతీతలు. పొగాకు కాలంలో కంపెనీలో గ్రేడింగు. ఒళ్లంతా పొగాకు వాసనతో ఇంటికొచ్చి, స్నానం చేసి, బుడ్డి దీపం ముందు బైబిలు తెరిచేది. ఊరి పెద్దలకు ఆమె కూలి మనిషి. పొగాకు కంపెనీ మేస్త్రీకి హాజరు పుస్తకంలో ఒక గీత. ఆ దీపం ముందు మాత్రం ఆమె ఒక పాఠకురాలు. నచ్చని చోట ఆగేది. "ఇదేం న్యాయమయ్యా?" అని పైకే అనేది. విశ్వాసమంటే మారుమాటాడకుండా తల ఊపడమని అనుకునేవాళ్లు ఆమె బైబిలు చదవడం చూడలేదు.

వంట చేసేముందు రోజూ ఒక పిడికెడు బియ్యం చర్చి కోసం విడిగా కుండలో వేసేది. ఆ పల్లెలో ఆడవాళ్లందరూ అంతే. ఆ పిడికెళ్లతోనే చర్చికి పైకప్పు పడింది. ఆ చర్చిలో సంఘపెద్దలందరూ మగవాళ్లే. ప్రసంగ పీఠం మీదకు ఆడవాళ్లు ఊడవడానికి మాత్రమే ఎక్కేవాళ్లు. ఇది అన్యాయమని అమ్మమ్మ ఎప్పుడూ అనలేదు. మరో సంగతి కూడా దాచకూడదు. తాగొచ్చి కొట్టే మొగుణ్ణి వదిలేసి వచ్చిన మా పెద్దమ్మను, ప్రార్థన చేసుకుంటే మారతాడని చెప్పి రెండుసార్లు వెనక్కి పంపింది. మూడోసారి పెద్దమ్మ వెళ్లనని మొండికేసింది కాబట్టి బతికింది. ఈ విషయంలో అమ్మమ్మతో నా తగవు ఆమె పోయాక కూడా తీరలేదు. విశ్వాసం ఆమెకిచ్చిన బలాన్ని గురించి రాసేటప్పుడు, అదే విశ్వాసం ఆమె చేత కూతురికి చెప్పించిన ఓర్పును వదిలేసి రాయలేను.

*

1995లో మా చిన్న మామయ్యకు టీచరు ఉద్యోగం వచ్చే అవకాశం వచ్చింది. కుల సర్టిఫికెట్టు కావాలి. విచారణకు మనిషి ఇంటికి వస్తాడని కబురొచ్చింది.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వులో మూడో పేరా ఒకటుంది. హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించేవాళ్లెవరూ షెడ్యూల్డు కులస్తులు కారని దాని సారాంశం. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరణలు వచ్చాయి. క్రైస్తవులకూ ముస్లిములకూ రాలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం తీసుకున్న దళితులను బి.సి.-సి గ్రూపులో పెట్టి ఒక శాతం రిజర్వేషను ఇచ్చారు. అంటే మాదిగపల్లెలో, ఆ ఇంట్లోనే, ఆ కూలి పనే చేసుకుంటూ ఉన్న మనిషి, ఆదివారం ఎక్కడికి వెళ్తున్నాడన్న దాన్నిబట్టి మాదిగ అవుతాడు, లేదా కాకుండా పోతాడు.

ఊరు మాత్రం ఎప్పుడూ ఆ తేడా చూడలేదు. 1985 జులైలో కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర దౌర్జన్యానికి ఎదురుతిరిగి బిందె ఎత్తిన స్త్రీ పేరు మున్నంగి సువార్త. ఆ పేరే ఆమె మతమేమిటో చెబుతుంది. మర్నాడు, 17వ తేదీన, పల్లె మీద పడి ఆరుగురిని చంపినవాళ్లు బాప్తిస్మం అయిందా లేదా అని అడగలేదు. చెల్లాచెదురైన జనం చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. కులం చూసి చంపేవాళ్లకు అక్కర్లేని మతం, సర్టిఫికెట్టు ఇచ్చేవాళ్లకు మాత్రం కావాలి.

విచారణకు ముందురోజు ఇంట్లో ఏం జరిగిందో నాకు బాగా గుర్తుంది. సెలవులకు వెళ్లి అక్కడే ఉన్నాను. గోడ మీది యేసు క్యాలెండరు తీశారు. మామయ్య ఏమీ మారనక్కర్లేదు. ప్యాంటూ చొక్కాకు మతం లేదు. మారాల్సింది అత్తయ్య. ఆమె పెళ్లయినప్పటి నుంచీ బొట్టు పెట్టుకోలేదు. మా వైపు చర్చి ఆడవాళ్లు పెట్టుకోరు. ఎదురింటి పిల్ల దగ్గర స్టిక్కరు తెచ్చి అత్తయ్య నుదుటికి అంటించారు. చట్టంలో 'అవలంబించడం' అనే మాట ఉంది గదా. ఆ మాటను అధికారి చదివేది ఆడదాని నుదుటి మీద. మతం గుర్తులన్నీ ఆడవాళ్ల ఒంటి మీద పెట్టిన సమాజంలో, మతాన్ని దాచాల్సి వచ్చినప్పుడు కూడా ఆడవాళ్ల ఒళ్లే మారాలి.

అమ్మమ్మకు స్టిక్కరు అవసరం పడలేదు. అప్పటికి తాతయ్య పోయి పదేళ్లు. తెల్లచీర కట్టుకుని, ఉత్త నుదుటితో అరుగు మీద కూర్చుంది. వచ్చినాయన ఆ నుదుటిని విధవ నుదురని చదువుకుని లోపలికి వెళ్లాడు. ఆమె తెల్లచీర క్రైస్తవ పెద్దముత్తైదువల తెల్లచీరేననీ, తాతయ్య ఉన్నప్పుడూ ఆమె నుదురు అలాగే ఉండేదనీ ఆయనకేం తెలుసు! హిందూ వైధవ్యపు ఆచారం ఆ రోజు మా క్రైస్తవ అమ్మమ్మను కాపాడింది. నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి ఇది.

బైబిలును మాత్రం ఆమె ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఎవరూ చెప్పకుండానే తనే గుడ్డలో చుట్టి, బియ్యం కుండలో అడుగున పెట్టి, పైన బియ్యం పోసింది. కాగితం మీద వేలిముద్ర వెయ్యమంటే వెయ్యనంది. తనకు సంతకం వచ్చు. పుట్టినప్పటి పేరుతో సంతకం చేసింది. సర్టిఫికెట్టు వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది.

పిల్లలం అడిగితే ఆ పూట ఆమె ఇచ్చిన జవాబు ఇది: "వాళ్లడిగింది మనం యాడుండామా అని. ఎవరికి మొక్కుతుండామా అని కాదు." విని మేం ఊరుకున్నాం. ఆమె మాత్రం ఊరుకోలేదు.

మరుసటి ఆదివారం నెలలో మొదటి ఆదివారం. బల్ల ఇచ్చే రోజు. రొట్టెముక్కల పళ్లెం వరస వెంట చేతులు మారుతూ వచ్చింది. అమ్మమ్మ అందుకుంది, తీసుకోకుండా పక్కామెకు దాటించింది. ద్రాక్షరసం వచ్చినప్పుడూ అంతే. తనను తాను పరీక్షించుకుని మరీ ఆ బల్ల దగ్గరకు రావాలని పౌలు రాసినదాన్ని ఆమె అక్షరాలా నమ్మింది. ఆ పక్కన మగవాళ్ల వరసలో మామయ్య మామూలుగానే రొట్టె తీసుకున్నాడు. ఆయన్ను తప్పుపట్టడానికి ఈ మాట రాయడం లేదు. ఉద్యోగం ఒకరికి వస్తే, దాని అపరాధం మరొకరికి ఎలా వెళ్లిందో చూడమంటున్నాను. కుటుంబాల్లో పనిని ఆడవాళ్లకు ఎలా పంచుతారో మనం చాలా రాశాం. మనస్సాక్షి పనిని కూడా అలాగే పంచుతారని ఆ రోజు నాకు తెలిసింది. ఆరు నెలలపాటు అమ్మమ్మ బల్లలో చెయ్యి వేయలేదు.

*

ఏడో నెలలో తీసుకుంది. ఎందుకు తీసుకుందో ఆమె చెప్పగా విన్నది చాలా ఏళ్ల తర్వాత.

ఆమె నయమాను కథ చెప్పింది. రాజుల రెండవ గ్రంథం అయిదో అధ్యాయం. చర్చికి వెళ్లినవాళ్లందరికీ తెలిసిన కథే. సిరియా సేనాధిపతి నయమానుకు కుష్ఠు. చెరపట్టి తెచ్చిన ఒక చిన్న దాసీపిల్ల అతని భార్యకు ప్రవక్త సంగతి చెబుతుంది. ఆ పిల్లకు పేరు లేదు. అతను వెళ్లి ఎలీషా చెప్పినట్టు యొర్దానులో ఏడుసార్లు మునిగి బాగవుతాడు. పాస్టర్లు ఇక్కడితో ఆపి, బాప్తిస్మం మహిమ గురించి ప్రసంగిస్తారు. అమ్మమ్మ ఆపకుండా కింది వచనాలు చదివింది. బాగయిన నయమాను ఎలీషాను ఒకటి అడుగుతాడు. ఇక మీదట మీ దేవుణ్ణి తప్ప ఎవర్నీ కొలవను, కానీ మా రాజు నా చేతి మీద ఆనుకుని తన దేవుడు రిమ్మోను గుడికి వెళ్లినప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, ఆ ఒక్కదానికీ నన్ను క్షమించమని అడుగుతాడు. ఎలీషా నెమ్మదిగా వెళ్లి రమ్మని పంపేస్తాడు.

"ఒప్పనీ అనలా, తప్పనీ అనలా. నెమ్మదిగా పొమ్మన్నాడు. అంతే!" అంది అమ్మమ్మ. కాసేపాగి, "ఆ నయమానంటే పెద్ద దొర. ఆయన్ని వంగమంది ఒక్క రాజే. మనల్నయితే..." అని వదిలేసింది.

కోడి కూసేలోపల మూడుసార్లు యేసును ఎరగనన్న పేతురు కథ ఆమెకు తెలియక కాదు. ఆరు నెలలు ఆమె తనను పేతురు పక్కన నిలబెట్టుకుంది. ఏడో నెలలో నయమాను పక్కన చోటు వెతుక్కుంది. ఏ పాస్టరూ చెప్పని వచనాన్ని వేలితో కూడబలుక్కుని తనకు తానే కనుక్కుంది. వేదాంత కళాశాలలో చదివినవాళ్లు దీన్ని వ్యాఖ్యానమంటారు. మా అమ్మమ్మ 'చదూకున్నా' అంది.

*

మా అమ్మ వేరే దారి పట్టింది. తమ్ముడి ఇంట్లో ఆ రోజు జరిగింది చూశాక, నాకు బి.సి.-సి అనే రాయించింది. ఆ ఒక శాతంలో సీటు కోసం నేను రెండేళ్లు ఎదురుచూశాను. నిజం చెప్పినందుకు ఖరీదు నేను కట్టాను, చెప్పనందుకు అమ్మమ్మ కట్టింది. ఒక కడుపున పుట్టిన ఇద్దరు రెండు కాగితాలు రాయించుకుంటే, అమ్మమ్మ ఇద్దర్లో ఎవర్నీ తప్పుపట్టలేదు. తెల్లవారుజామున నాలుగింటికి ప్రార్థనలో ఇద్దరి పేర్లూ ఒకే వరసలో చెప్పేది.

నేను చర్చికి వెళ్లడం మానేసి చాలాకాలమైంది. నమ్మకం లేని మనవరాలిగా ఆమె పనిని వివరించడం నాకు సులువు. ఆమె రాజ్యాన్ని తెలివిగా బోల్తా కొట్టించిందనీ, అది అణగారిన స్త్రీ ధిక్కారమనీ సెమినారు పేపరు రాయొచ్చు. చప్పట్లు కూడా పడతాయి. కానీ ఆ పేపరులో దాటించిన పళ్లానికి చోటుండదు. ధిక్కరించినవాళ్లు ఆరు నెలలు పస్తుండరు. పోనీ, ఆమె పితృస్వామ్యానికీ మతానికీ బలైన అమాయకురాలు అందామా? అప్పుడు నయమానుకు చోటుండదు. మన సిద్ధాంతం కోసం ఆమెను ధీరగా చేసినా దీనగా చేసినా, ఆమె చేసిన ఆలోచనను ఆమె దగ్గర్నుంచి లాక్కున్నట్టే.

ఆమె చేసిన పని అవసరమని ఆమెకు తెలుసు. అవసరమైనంత మాత్రాన అది నిజమైపోదనీ తెలుసు. అందుకే చేసింది, చేసి దాని బరువును తన దగ్గరే ఉంచుకుంది. తప్పు చేసినవాళ్లు వేరు, తప్పును మొయ్యాల్సి వచ్చినవాళ్లు వేరు. నీతిశాస్త్రం మొదటివాళ్ల గురించి బోలెడు రాసింది. రెండోవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, అందులోనూ పల్లెల ఆడవాళ్లు. వాళ్ల నీతిని రాసినవాళ్లు తక్కువ. గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చాక దళిత స్త్రీల గొంతులు ఒకచోట వినే వీలు కలిగింది. కానీ ఆ స్త్రీల విశ్వాసం గురించి, దేవుడితో వాళ్ల తగవుల గురించి మనం ఇంకా మొహమాటపడుతూనే ఉన్నాం. మతం గురించి మాట్లాడితే వెనకబడిపోతామన్న భయం మనది.

2024 నవంబరు 26న సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక స్త్రీ కేసులో తీర్పు చెప్పింది. గుమాస్తా ఉద్యోగం కోసం ఆమె షెడ్యూల్డు కుల సర్టిఫికెట్టు అడిగింది. బాప్తిస్మం పొంది చర్చికి వెళ్తూ, రిజర్వేషను కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చెయ్యడమేనని కోర్టు అంది. 2025లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, కులం పేరుతో తిట్టి కొట్టారని ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసును, క్రైస్తవుడు కాబట్టి ఆ చట్టం వర్తించదని కొట్టేసింది. మతాన్ని ముడిపెట్టొద్దని రంగనాథ్ మిశ్రా కమిషను 2007లోనే చెప్పింది. 2022లో కేంద్రం మళ్లీ ఇంకో కమిషను వేసింది.

మోసం అన్న మాట దగ్గర నేను ఆగిపోతాను. ఆమె కేసు కాగితాలు నేను చూడలేదు, తీర్పు గురించి చదివిందే. ఆమెలో నాకు మా అమ్మమ్మ కనిపించింది. పల్లెలో ఉంచిందెవరు, పల్లెలో ఉన్నావని రాయించుకోవాలంటే దేవుణ్ణి వదులుకోమన్నదెవరు, మోసం చేశావని అన్నదెవరు? మా అమ్మమ్మ తన మీద తను తీర్పు చెప్పుకుంది, శిక్ష వేసుకుంది, అనుభవించింది. ఆ తీర్పు చెప్పే అర్హత ఆమెకుంది. ఆమె చేత ఆ సంతకం పెట్టించిన చట్టానికి లేదు.

అమ్మమ్మ 2006లో పోయింది. పల్లె వెనక సమాధుల దొడ్లో ఆమె రాయి మీద పేరు లేదు. శిలువ, తారీకులు, కింద 'అమ్మ' అని ఉంటాయి. బాప్తిస్మం పేరు చెక్కిస్తే ఎవరైనా ఫోటో తీసి పిటిషను పెడతారని మామయ్య భయం. పుట్టినప్పటి పేరు చెక్కించడానికి మా అమ్మ ఒప్పుకోలేదు. రిటైరయ్యేదాకా ఆగుదామనుకున్నారు. ఇప్పుడు మామయ్య పిల్లల ఉద్యోగాల కోసం ఆగుతున్నారు.

ఇలాంటి అమ్మమ్మలు మీలో చాలామందికి ఉండే ఉంటారు. పేర్లు లేకుండానే అయినా సరే, వాళ్లు కూడబలుక్కుని కనుక్కున్న న్యాయాలను రాయండి. ఆ మూడో పేరా పోయిన రోజున వాళ్ల రెండు పేర్లూ రాళ్ల మీద చెక్కించుకోవచ్చు. అప్పటిదాకా వాళ్లను క్షమించే పని గానీ, సమర్థించే పని గానీ మనం పెట్టుకోనక్కర్లేదు. ఆ లెక్క చెప్పాల్సినవాళ్లు వేరే ఉన్నారు.